ముప్పైమందికి ఒక టీచరు

1868 జూన్ 1న నవాహోలు అమెరికా ప్రభుత్వంతో ఒక ఒప్పందం చేసుకున్నారు. అప్పటికి వాళ్ళు నాలుగేళ్లుగా న్యూమెక్సికోలోని బోస్కే రెడోండోలో బందీలు. సొంత నేలకి తిరిగెళ్ళడానికి ఒప్పుకున్న ఆ కాగితంలో చదువు గురించీ ఒక షరతుంది: ఆరు నుంచి పదహారేళ్ల పిల్లల్ని బడికి పంపాలి, బడికొచ్చే ప్రతి ముప్పైమందికీ ప్రభుత్వం ఒక టీచర్ని ఇవ్వాలి.

వినడానికి బాగానే ఉంది. కానీ తర్వాత వచ్చిన బోర్డింగు స్కూళ్ళు పిల్లల జుట్టు కత్తిరించాయి, పేర్లు మార్చాయి, ఇంటి భాష మాట్లాడితే శిక్షించాయి. చదువుకోవడమంటే ఇంటికి పరాయివాళ్ళు కావడమే అయింది.

సరిగ్గా వందేళ్లకి, 1968లో, నవాహోలు తమ కాలేజీ తామే పెట్టుకున్నారు. అమెరికాలో ఒక తెగ చేతుల్లో నడిచిన మొదటి కాలేజీ అదే, ఇప్పటి డినే కాలేజ్. అరిజోనాలోని మెనీ ఫార్మ్స్‌లో, ఒక హైస్కూలు ఆవరణలో క్లాసులు మొదలయ్యాయి. బోర్డింగు స్కూలు నిషేధించిన భాషే ఇక్కడ పాఠం. ఆలోచన, ప్రణాళిక, ఆచరణ, పునరాలోచన అనే నవాహో క్రమమే ఇక్కడ బోధనకి పునాది.

మిగతా తెగలూ అదే దారి పట్టాయి. 1978లో వాటికి నిధులిచ్చే చట్టం వచ్చింది. అదీ తలల లెక్కే: తెగలకి చెందిన విద్యార్థులకే డబ్బు, అదే క్లాసులో కూర్చున్న ఇతరులకి సున్నా.

విద్యార్థికి అండ అంటే మనకి స్కాలర్‌షిప్పు, హాస్టలు, కౌన్సెలరు గుర్తొస్తాయి. అవన్నీ కావాలి. కానీ పాఠం ఎవరు నిర్ణయిస్తారన్నది వాటికంటే ముందు ప్రశ్న. 1868 కాగితం టీచర్ని లెక్కపెట్టింది గానీ, ఆ ప్రశ్న అడగలేదు.