అమెరికాలో స్పెషల్ ఎడ్యుకేషన్: చేతికొచ్చేది డిప్లొమానా.. సర్టిఫికెటా? సంతకం పెట్టే ముందు తెలుగు పేరెంట్స్ ఇవి తెలుసుకోవాల్సిందే

అమెరికాలో మే, జూన్ వచ్చిందంటే హైస్కూల్ గ్రాడ్యుయేషన్ల సందడే. కానీ గౌను, టోపీ వేసుకుని స్టేజీ ఎక్కిన పిల్లలందరి చేతికీ ఒకే రకం కాగితం రాదు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, డిస్లెక్సియా లాంటి సమస్యలతో స్పెషల్ ఎడ్యుకేషన్‌లో చదివిన పిల్లల్లో కొందరికి రెగ్యులర్ డిప్లొమా వస్తుంది. ఇంకొందరికి సర్టిఫికెట్ ఆఫ్ కంప్లీషన్ మాత్రమే ఇస్తారు. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాలేజీ అడ్మిషన్, ఉద్యోగం, ఫ్రీగా అందే థెరపీలు.. వీటన్నిటిలో తేడా మాత్రం చాలా పెద్దది.

మన దగ్గర టెన్త్ పాసైతే ఒకే మెమో. అక్కడ రాష్ట్రానికో రూల్. డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో ఉంటున్న చాలా తెలుగు కుటుంబాలకు ఈ విషయం పిల్లలు పన్నెండో తరగతికి వచ్చాక గానీ తెలియడం లేదు. అప్పటికి మార్చుకునే టైమ్ పెద్దగా ఉండదు.

చట్టం ఏం చెబుతోంది?

స్పెషల్ ఎడ్యుకేషన్‌కు ఆధారం ఐడియా అనే ఫెడరల్ చట్టం. 1975లో వేరే పేరుతో వచ్చింది. 1990లో ఇప్పుడున్న పేరు పెట్టారు. 2004లో పెద్ద మార్పులు చేశారు. దీని ప్రకారం అర్హత ఉన్న ప్రతి పిల్లాడికీ పబ్లిక్ స్కూల్ ఉచితంగా, అవసరానికి తగ్గట్టు చదువు చెప్పాలి. ఆ ప్లాన్ రాసుకునే పత్రమే ఐఈపీ. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, పరీక్షలో ఎక్స్‌ట్రా టైమ్.. ఏది ఇవ్వాలన్నా ఐఈపీలో ఉండాలి. ఆ టీమ్‌లో టీచర్లతో పాటు పేరెంట్స్ కూడా సభ్యులే.

చాలా రాష్ట్రాల్లో ఈ హక్కు 21 ఏళ్లు నిండే వరకో, 22వ పుట్టినరోజు వరకో ఉంటుంది. మిషిగన్‌లో అయితే 26 ఏళ్ల వరకు ఇస్తున్నారు.

ఆప్షన్లు ఇవే

రెగ్యులర్ డిప్లొమా: తోటి పిల్లలందరికీ ఇచ్చేదే ఇది. రాష్ట్రం చెప్పిన క్రెడిట్లు, అవసరమైన చోట పరీక్షలు పూర్తి చేయాలి. కాలేజీకి, మిలిటరీకి, చాలా ఉద్యోగాలకు అడిగేది దీన్నే.

ఆల్టర్నేట్ డిప్లొమా: 2015 నాటి ఎస్సా చట్టం రాష్ట్రాలకు ఈ వీలు కల్పించింది. తీవ్రమైన మేధో వైకల్యం ఉండి, ఆల్టర్నేట్ అసెస్‌మెంట్ రాసే పిల్లల కోసం ఇది. అన్ని రాష్ట్రాల్లో లేదు.

సర్టిఫికెట్ ఆఫ్ కంప్లీషన్: ఐఈపీలో రాసుకున్న లక్ష్యాలు పూర్తి చేశాడనో, స్కూల్‌కు వచ్చాడనో ఇచ్చే కాగితం. ఇది డిప్లొమా కిందకు రాదు.

జీఈడీ: హైస్కూల్‌కు సమానంగా చూసే పరీక్ష. ఐడియా రూల్స్ ప్రకారం ఇది కూడా రెగ్యులర్ డిప్లొమా కాదు.

అసలు మెలిక ఇక్కడే

రెగ్యులర్ డిప్లొమా చేతికొచ్చిన రోజే ఐడియా కింద వచ్చే హక్కు ముగుస్తుంది. పిల్లాడికి 18 ఏళ్లే ఉన్నా, మాట్లాడటానికో బస్సెక్కడానికో ఇంకా సాయం కావాల్సి ఉన్నా స్కూల్ బాధ్యత అక్కడితో అయిపోయినట్టే. సర్టిఫికెట్, జీఈడీ తీసుకున్నవాళ్లకు మాత్రం వయసు పరిమితి వరకు హక్కు అలాగే ఉంటుంది.

18 నుంచి 22 ఏళ్ల మధ్య చాలా డిస్ట్రిక్టులు ట్రాన్సిషన్ ప్రోగ్రామ్స్ నడుపుతాయి. వంట, డబ్బు లెక్కలు, ఒంటరిగా ప్రయాణం, జాబ్ ట్రైనింగ్ అక్కడ నేర్పిస్తారు. తొందరపడి డిప్లొమా తీసుకుంటే ఇవన్నీ పోతాయి. అలాగని డిప్లొమా సాధించగల పిల్లాడిని సర్టిఫికెట్ దారిలో పెడితే కాలేజీ తలుపు మూసేసినట్టే. రెండు వైపులా నష్టం ఉంది. అందుకే ఇది ఇంటింటికీ వేరుగా ఆలోచించుకోవాల్సిన నిర్ణయం.

డిప్లొమా ఇచ్చి పంపేయడాన్ని చట్టం 'ప్లేస్‌మెంట్ మార్పు'గా చూస్తుంది. అంటే స్కూల్ ముందే రాతపూర్వకంగా నోటీస్ ఇవ్వాలి. పేరెంట్స్‌కు నచ్చకపోతే డ్యూ ప్రాసెస్ హియరింగ్ కోరొచ్చు. మరి ఫ్రెండ్స్‌తో కలిసి స్టేజీ ఎక్కాలన్న పిల్లల ఆశ సంగతేంటి? డిప్లొమా తీసుకోకుండానే వేడుకలో పాల్గొనే వీలు చాలా చోట్ల ఉంది. న్యూజెర్సీలో దీనికోసం 2018లో ప్రత్యేకంగా చట్టమే చేశారు.

నిర్ణయం పన్నెండులో కాదు.. ముందే జరిగిపోతుంది

ఇక్కడ రెండు మాటల మధ్య తేడా తెలియాలి. అకామడేషన్ అంటే సిలబస్ అదే, రాసే పద్ధతి మారుతుంది. ఎక్స్‌ట్రా టైమ్, విడిగా గది, ప్రశ్న చదివి వినిపించడం లాంటివి. దీనివల్ల డిప్లొమాకు ఇబ్బంది లేదు. మాడిఫికేషన్ అంటే నేర్పే పాఠమే తగ్గుతుంది. అలాంటి కోర్సుల క్రెడిట్ చాలా రాష్ట్రాల్లో రెగ్యులర్ డిప్లొమాకు లెక్కలోకి రాకపోవచ్చు.

ఆల్టర్నేట్ అసెస్‌మెంట్ కూడా అంతే. పిల్లాడు మిడిల్ స్కూల్‌లో ఉన్నప్పుడే 'ఈ పరీక్ష తేలిగ్గా ఉంటుంది' అని టీమ్ చెప్పొచ్చు. అది తర్వాత డిప్లొమాపై ప్రభావం చూపుతుందేమో పేరెంట్స్‌కు ముందే చెప్పాలని ఫెడరల్ చట్టంలోనే ఉంది. పైగా రాష్ట్రంలో ఒక్కో సబ్జెక్ట్ పరీక్ష రాసే మొత్తం విద్యార్థుల్లో 1 శాతానికి మించి దీంట్లోకి రాకూడదన్న పరిమితి ఉంది. తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసమే పెట్టిన పరీక్ష ఇది. ఇంగ్లిష్ రాదనో, మార్కులు తక్కువనో ఇందులో వేయడానికి వీల్లేదు.

స్కూల్ తర్వాత ఏంటి అన్న ట్రాన్సిషన్ ప్లాన్ 16 ఏళ్లకల్లా ఐఈపీలో ఉండాలి. టెక్సాస్, న్యూజెర్సీల్లో 14 ఏళ్లకే మొదలవుతుంది.

ఏ రాష్ట్రంలో ఎలా?

టెక్సాస్: ఇక్కడ ఐఈపీ టీమ్‌ను ఏఆర్‌డీ కమిటీ అంటారు. ఫౌండేషన్ ప్రోగ్రామ్‌కు 22 క్రెడిట్లు, ఎండార్స్‌మెంట్‌తో అయితే 26 కావాలి. మాడిఫై చేసిన కోర్సులతో గ్రాడ్యుయేట్ అయ్యేవాళ్లకు వేరే నిబంధనలున్నాయి. ఏ నిబంధన కింద గ్రాడ్యుయేట్ చేస్తున్నారో, తర్వాత సర్వీసులు ఉంటాయో లేదో మీటింగ్‌లోనే అడిగి రాయించుకోవాలి.

కాలిఫోర్నియా: 2022లో కొత్త దారి తెచ్చారు. 2022-23లో గానీ ఆ తర్వాత గానీ తొమ్మిదిలో చేరి, ఆల్టర్నేట్ అసెస్‌మెంట్‌కు అర్హత ఉన్న పిల్లలు రాష్ట్ర కనీస కోర్సులను ఆల్టర్నేట్ ప్రమాణాలతో పూర్తి చేస్తే డిప్లొమా ఇస్తారు. ఈ డిప్లొమా తీసుకున్నా స్పెషల్ ఎడ్యుకేషన్ హక్కు పోదు.

న్యూయార్క్: రీజెంట్స్ డిప్లొమా, లోకల్ డిప్లొమా ఉన్నాయి. వీటితో పాటు సీడీఓఎస్, ఎస్ఏసీసీ అనే క్రెడెన్షియల్స్ కూడా ఇస్తారు. పేర్లు గొప్పగా ఉన్నా ఈ రెండూ డిప్లొమాలు కావు.

కాలేజీ సంగతి?

ఐఈపీ హైస్కూల్‌తోనే ఆగిపోతుంది. కాలేజీలో వర్తించేవి సెక్షన్ 504, ఏడీఏ చట్టాలు. అక్కడ అకామడేషన్లు దొరుకుతాయి గానీ విద్యార్థే డిజబిలిటీ ఆఫీస్‌కు వెళ్లి అడగాలి. స్కూల్ వదిలేటప్పుడు ఇచ్చే 'సమ్మరీ ఆఫ్ పర్ఫార్మెన్స్' అప్పుడు పనికొస్తుంది. దాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి.

డిప్లొమా లేకపోతే ఇక చదువే లేదా అంటే, అలా కాదు. మేధో వైకల్యం ఉన్న విద్యార్థుల కోసం కొన్ని కాలేజీల్లో సీటీపీ అనే ప్రత్యేక ప్రోగ్రామ్స్ ఉన్నాయి. అర్హత ఉన్నవాళ్లకు హైస్కూల్ డిప్లొమా లేకపోయినా వీటిలో పెల్ గ్రాంట్ వస్తుంది. ఫెడరల్ లోన్లు మాత్రం రావు.

హెచ్-1బీ కుటుంబాలకు ప్రత్యేకం

పబ్లిక్ స్కూల్‌లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు పేరెంట్స్ వీసాతో సంబంధం లేదు. ఐఈపీ అడిగితే ఇమిగ్రేషన్‌కు ఇబ్బంది అవుతుందేమోనని వెనక్కి తగ్గాల్సిన పని లేదు. అయితే హెచ్-4 డిపెండెంట్ హోదా 21 ఏళ్లకే ముగుస్తుంది. స్కూల్ 22 వరకు చెబుతానన్నా, పిల్లాడు అక్కడ ఉండటానికి వేరే స్టేటస్ కావాలి. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాళ్లు లాయర్‌తో ముందే మాట్లాడుకోవాలి. ఫెడరల్ గ్రాంట్లు, ఎస్ఎస్ఐ లాంటి సాయాలు కూడా హెచ్-4 వాళ్లకు రావు.

ఇంకో విషయం. చాలా రాష్ట్రాల్లో 18 నిండగానే ఐఈపీపై సంతకం పెట్టే హక్కు పిల్లాడికే వెళ్తుంది. ఈ సంగతి కనీసం ఏడాది ముందే స్కూల్ చెప్పాలి.

ఇండియాకు తిరిగొస్తే?

విదేశీ స్కూల్ చదువుకు మన యూనివర్సిటీలు ఏఐయూ ఈక్వివలెన్స్ అడుగుతాయి. కాబట్టి డిప్లొమాతో పాటు ట్రాన్స్‌క్రిప్ట్‌లు కూడా తెచ్చుకోవాలి. డిప్లొమా లేని పిల్లలకు ఎన్ఐఓఎస్, తెలంగాణ, ఏపీ ఓపెన్ స్కూళ్లు ఉన్నాయి. నచ్చిన సబ్జెక్టులు ఎంచుకుని, విడతలుగా రాసుకోవచ్చు.

తర్వాతి ఐఈపీ మీటింగ్‌లో అడగాల్సినవి

1. మా పిల్లాడు ఇప్పుడు ఏ డిప్లొమా దారిలో ఉన్నాడు?
2. ఇప్పటిదాకా ఎన్ని క్రెడిట్లు వచ్చాయి? అవి రెగ్యులర్ డిప్లొమాకు లెక్కకు వస్తాయా?
3. ఐఈపీలో ఉన్నవి అకామడేషన్లా, మాడిఫికేషన్లా?
4. ఆల్టర్నేట్ అసెస్‌మెంట్ ఎందుకు? వద్దంటే ఏమవుతుంది?
5. ఈ డిప్లొమా తీసుకుంటే సర్వీసులు ఏ తేదీన ఆగిపోతాయి?
6. 18 దాటాక ట్రాన్సిషన్ ప్రోగ్రామ్ ఉందా?

సమాధానాలు నోటిమాటగా కాకుండా రాతలో తీసుకోవాలి. మీటింగ్‌లో అర్థమయ్యేలా ఇంటర్‌ప్రెటర్‌ను స్కూలే ఏర్పాటు చేయాలి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెప్పొచ్చు, దానికి డబ్బు కట్టక్కర్లేదు. అక్కడికక్కడే సంతకం పెట్టాలన్న రూల్ కూడా లేదు. డ్రాఫ్ట్ ఇంటికి తెచ్చుకుని, చదివి, ఆలోచించుకున్నాకే పెట్టొచ్చు.