పాత పికప్‌కు వెనుక కమాన్లు మార్చడమెలా? అదనపు పట్టీతో బ్రేకులకే చేటు

విజయవాడ: డెల్టాలో పాత పికప్ వాహనాలకు తీరిక తక్కువ. ధాన్యం బస్తాలు, చేపల మేత, ఐసు పెట్టెలు, ఇటుకలు, ఇసుక... ఏదో ఒక బరువుతో కాలువ గట్ల మీదా చెరువు కట్టల మీదా తిరుగుతూనే ఉంటాయి. ఆ బరువునంతా వెనుకవైపు మోసేవి కమాన్లు. అవి కుంగినపుడు కొందరు యజమానులు కొత్త కట్ట వేయించకుండా పాత కట్టకే మరో పట్టీ జోడించి పంపుతున్నారు. దానివల్ల బండి పైకి లేచినట్లు కనిపించినా, ఆగవలసిన చోట ఆగకపోయే ప్రమాదం ఉంది.

1960ల దశకంలో ఏర్పడిన జవహర్ ఆటోనగర్‌లో లారీల బాడీ కట్టడం మొదలుకొని కమాన్ల పని వరకు అన్నీ దొరుకుతాయి. బొలెరో పికప్, బొలెరో క్యాంపర్, టాటా 207, పాత మహీంద్రా జీపులు... వీటన్నిటికీ వెనుక కమాన్లే ఆధారం. ఒకనాటి జట్కా బండి కింద ఉన్న కమానుకూ, వీటికీ సూత్రం ఒక్కటే.

కమాను పనితీరు

వంపు తిరిగిన ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, నడుమ సెంటర్ బోల్టుతో బిగించినదే కమాను కట్ట. పైనుండే పొడవాటి మెయిన్ పట్టీకి రెండు చివరలా గుండ్రని కన్నులు ఉంటాయి. ముందు కన్ను ఛాసిస్‌కు బోల్టుతో బిగిసి ఉంటుంది. వెనుక కన్ను షాకిల్‌కు వేలాడుతుంది. బరువు పడినపుడు పట్టీ సాగినట్లయి పొడవు పెరుగుతుంది కనుక, షాకిల్ ఊగుతూ ఆ తేడాను సర్దుతుంది. కట్టను వెనుక హౌసింగ్‌కు పట్టి ఉంచేవి యూ బోల్టులు. వీటినే షెడ్లలో యూ క్లాంపులంటారు.

కమాన్లు బరువు మోయడంతోపాటు హౌసింగ్‌ను తన స్థానంలో నిలుపుతాయి. సెంటర్ బోల్టు తెగినా, యూ బోల్టులు సడలినా హౌసింగ్ పక్కకు జరుగుతుంది. అప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవక, బండి ఏటవాలుగా పోతున్నట్లు కనిపిస్తుంది. టైర్లు ఒకవైపే అరుగుతాయి.

డెల్టాలో త్వరగా పాడవడమెందుకు?

నల్లరేగడి నేలపై వేసిన రోడ్లు వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చి గుంతలు పడతాయి. నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను మండలాల రొయ్యల చెరువుల వద్ద ఉప్పునీరు, ఉప్పుగాలి ఉక్కును తినేస్తాయి. చేపల పెట్టెల నుంచి కారే ఐసు నీరు నేరుగా కమాన్లపైనే పడుతుంది. పట్టీల నడుమ చేరిన తేమ ఆరదు. అక్కడ పట్టిన తుప్పు గుంటలు గుంటలుగా దిగి, పగుళ్లకు మొదలవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద అజిత్‌సింగ్‌నగర్ పరిసరాలను ముంచినపుడు నీట నానిన వాహనాలకు ఇంజిన్ బాగుచేయించిన యజమానులు కమాన్ల సంగతి కూడా చూసుకోవడం మంచిది.

మార్చవలసిన గుర్తులు

ఖాళీ బండిని సమతలంపై నిలిపి, రెండువైపులా హౌసింగ్ నుంచి ఛాసిస్ వరకు ఎత్తు కొలవాలి. రెండింటి నడుమ ఒకటి, రెండు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే ఒకవైపు కట్ట కుంగినట్లే. పట్టీ విరగడం, మెయిన్ పట్టీ కన్ను విచ్చుకోవడం, ఖాళీగా ఉన్నపుడే పట్టీలు బల్లపరుపుగా ఉండటం, చిన్న గుంతకే ఛాసిస్ రబ్బరు స్టాపర్‌కు తగలడం కూడా గుర్తులే. విరిగిన పట్టీకి వెల్డింగ్ పనికిరాదు. ఆ వేడికి ఉక్కు పదును పోయి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. కుంగిన పట్టీలను కొలిమిలో కాల్చి వంపు తెప్పించినా, తిరిగి సరైన పదును పెట్టకపోతే కొద్ది నెలలకే మొదటికి వస్తుంది.

మార్పు పని వరుస

కమాన్లను ఎప్పుడూ జతగానే మార్చాలి. ఒకవైపు కొత్తది, మరోవైపు పాతది ఉంటే బండి ఒరుగుతుంది. కట్టతోపాటు బుష్‌లు, యూ బోల్టులు, నట్లు కూడా కొత్తవే వేయాలి. ఒకసారి సాగిన యూ బోల్టుకు పట్టు తగ్గుతుంది.

ముందు చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టాలి. వెనుక భాగాన్ని లేపి, ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు ఉంచాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరరాదు. హౌసింగ్ కింద వేరే జాకీ పెట్టాలి. చక్రం, షాక్ అబ్జార్బర్ కింది బోల్టు విప్పాలి. బ్రేకు పైపు, హ్యాండ్ బ్రేకు కేబుల్ లాగుకుపోకుండా చూసుకోవాలి. ఒకవైపు పని పూర్తయ్యాకే రెండోవైపు ముట్టుకుంటే హౌసింగ్ స్థానం చెదరదు.

యూ బోల్టులు విప్పి, హౌసింగ్‌ను కాస్త దించి, షాకిల్ బోల్టు, తర్వాత ముందు కన్ను బోల్టు తీయాలి. కొత్త కట్ట ఎక్కించేటపుడు సెంటర్ బోల్టు తల హౌసింగ్ సీటులోని రంధ్రంలో సరిగా కూర్చోవాలి. ఇది తప్పితే మిగిలిన పనంతా వృథా. యూ బోల్టులను నాలుగు మూలలా మార్చి మార్చి సమంగా బిగించాలి. రబ్బరు బుష్‌లున్న కన్ను బోల్టులను, షాకిల్ బోల్టులను మాత్రం బండి చక్రాలపై నిలిచి తన బరువు తాను మోసిన తర్వాతే చివరి బిగింపు చేయాలి. గాలిలో వేలాడుతుండగానే బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది.

సుమారు 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులను మళ్లీ బిగించాలి. కొత్త పట్టీలు సర్దుకొనేటపుడు పట్టు సడలుతుంది. చాలామంది మరిచేది ఈ ఒక్క పనే. కమాన్లపై వాడేసిన ఇంజిన్ ఆయిల్ చల్లే అలవాటు రబ్బరు బుష్‌లకు చేటు.

అదనపు పట్టీతో ముప్పు

పట్టీ మందం రెట్టింపైతే దాని బిగువు ఎనిమిది రెట్లవుతుంది. అందువల్ల లారీ పట్టీని కోసి పికప్ కట్టలో చేరిస్తే లెక్కంతా తప్పుతుంది. ఖాళీగా నడిచేటపుడు వెనుక చక్రాలు ఎగిరి రోడ్డు పట్టు కోల్పోతాయి. బరువు వేసినపుడు భారం హౌసింగ్, బేరింగులు, టైర్లు, ఛాసిస్ కొక్కేలపై పడుతుంది. వాటి బలం ఏమీ పెరగదు.

కొన్ని పికప్‌లలో ఛాసిస్‌కూ హౌసింగ్‌కూ నడుమ ఒక కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు ఉంటుంది. బరువుకు బండి కుంగితే ఆ వాల్వు వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. బిగువైన కమాన్లు వేస్తే బరువున్నా బండి కుంగదు. వాల్వు దాన్ని ఖాళీ బండిగానే లెక్కించి ఒత్తిడి తగ్గిస్తుంది. నిండు బరువుతో ఉన్నపుడే బండి ఆగే దూరం పెరుగుతుంది. కమాన్లు మార్చిన ప్రతిసారీ ఈ కడ్డీ అమరికను కంపెనీ కొలత ప్రకారం సరిచూడాలి.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 సవరణ తర్వాత అధిక బరువుకు రూ.20,000, దానిపై అదనపు టన్నుకు రూ.2,000 చొప్పున జరిమానా ఉంది. ఎక్కువైన సరుకు దింపే ఖర్చు కూడా యజమానిదే. ఎన్ని పట్టీలు చేర్చినా ఆర్‌సీలోని మొత్తం బరువు అంకె మారదు. ఉదాహరణకు మొత్తం బరువు 2,500 కిలోలు, ఖాళీ బరువు 1,500 కిలోలు అని ఉంటే, మనుషులతో సహా వేయదగినది 1,000 కిలోలే.

కమాన్లు కొనేముందు ఆర్‌సీ, వాహనం మోడల్, పాత కట్టలోని పట్టీల సంఖ్య, మందం, వెడల్పు రాసుకొని వెళ్లాలి. తరచూ అంతకు మించిన బరువు మోయవలసి వస్తే పెద్ద వాహనం తీసుకోవడమో, రెండు ట్రిప్పులు వేయడమో మేలు.