నొప్పి తెలియక ముందే చేయి వెనక్కి: కాలిన గాయం కబురు మెదడుకు చేరేదిలా

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు నేటికీ నివసిస్తున్న ఆ రైల్వే పట్టణంలో, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఉంది. భారీ తవ్వక యంత్రాలను తయారుచేసే టాటా హిటాచీ కర్మాగారం ఇక్కడిదే. ఉక్కును కోసి, వెల్డింగ్ చేసే ఏ కర్మాగారంలోనైనా కాలిన లోహానికి చేయి తగిలే ప్రమాదం ఉంటుంది. తగిలిన మరుక్షణమే కార్మికుడు చేతిని వెనక్కి లాగుకుంటాడు. నొప్పి తెలిసేది ఆ తర్వాతే.

చర్మంలో నోసిసెప్టార్లు అనే ప్రత్యేక నాడీ కొసలు ఉంటాయి. వాటి పొరపై ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్ ద్వారం సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే తెరుచుకుంటుంది. సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి ప్రవేశించి విద్యుత్ సంకేతం పుడుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ కూడా ఇదే ద్వారాన్ని తెరుస్తుంది. గుంటూరు మిరపకాయ కొరికితే నోరు 'మండడం' మాటవరసకు అనేది కాదన్నమాట. నాడికి నిప్పుకీ కారానికీ తేడా తెలియదు. ఈ ప్రొటీన్‌ను 1997లో గుర్తించిన బృందానికి నాయకత్వం వహించిన డేవిడ్ జూలియస్ 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

సంకేతం రెండు దారుల్లో ప్రయాణిస్తుంది. పలుచని మైలిన్ పొర గల ఎ-డెల్టా తంతువులు సెకనుకు సుమారు 5 నుంచి 30 మీటర్ల వేగంతో దాన్ని మోస్తాయి. చురుక్కుమనే తొలి నొప్పి వీటిదే. మైలిన్ లేని సి తంతువుల వేగం సెకనుకు 2 మీటర్లకు మించదు. ఆలస్యంగా వచ్చి చాలాసేపు సలిపే మంట వాటిది.

రెండూ వెన్నుపాముకు చేరతాయి. చేతిని లాగమనే ఆదేశం అక్కడి నుంచే వెలువడుతుంది, మెదడు అనుమతి కోసం ఆగదు. సంకేతం మాత్రం వెన్నుపాములో అవతలి పక్కకు దాటి, థాలమస్ మీదుగా మెదడు పైపొరకు వెళ్తుంది. అందుకే కుడిచేతి నొప్పి ఎడమ మెదడుకు చేరుతుంది. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే ఉపశమనం కలగడానికి కారణం, స్పర్శ సంకేతాలు వెన్నుపాములోనే నొప్పి దారిని కొంత మూసివేయడమని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు.

నొప్పి లేకపోవడం క్షేమానికి సూచన కాదు. చర్మం పూర్తి మందంతో కాలినప్పుడు నాడీ కొసలే నశిస్తాయి కనుక గాయం మధ్యభాగం మొద్దుబారి ఉంటుంది. పైపైన కాలినదానికి కేకలు పెట్టిన మనిషి, అంతకంటే ప్రమాదకరమైన లోతు గాయాన్ని తేలిగ్గా తీసుకునే అవకాశం ఉంది. మధుమేహంతో పాదాల నాడులు దెబ్బతిన్నవారికీ వేడి తగిలిన సంగతి తెలియకపోవచ్చు. సిరా, టూత్‌పేస్ట్, ఐసు వంటి ఇంటి చిట్కాలు హాని చేస్తాయి. కాలిన చోటును 20 నిమిషాల పాటు చల్లని కుళాయి నీటి ధార కింద ఉంచి, తెల్లగా లేదా నల్లగా మారి స్పర్శ లేని గాయమైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.