మూతపడిన బడి, మొండికేసిన బిడ్డ: లాక్‌డౌన్ కాలంలో బాలల కుంగుబాటు

లాక్‌డౌన్‌లో పిల్లలు ఎంతమంది కుంగిపోయారని అడిగితే సాధారణంగా వినిపించే జవాబు ఒక్కటే: నలుగురిలో ఒకరు. ఈ లెక్క కాల్గరీ విశ్వవిద్యాలయంలోని నికోల్ రసీన్, షెరీ మాడిగన్ బృందానిది. 29 అధ్యయనాల్లోని 80,879 మంది బాలల, కౌమారుల సమాచారాన్ని కలిపి చూసి, 2021 ఆగస్టులో జామా పీడియాట్రిక్స్ పత్రికలో ప్రచురించారు. కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా ఉన్నవారు 25.2 శాతం అని తేలింది. కొవిడ్‌కు ముందున్న అంచనా 12.9 శాతం. కాబట్టి రెట్టింపయిందన్నారు. ఈ ‘రెట్టింపు’ను ఉన్నదున్నట్టు తీసుకోవడం కష్టం. అలాగని కొట్టిపారేయడమూ తగదు. ఎంతమంది అన్న ప్రశ్నకు ముందు ఎంతకాలం అన్నది అడగాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

మొదట కొలత సంగతి. పై అధ్యయనాల్లో వాడినవి చాలావరకు ప్రశ్నావళులు. వాటిలో ఎక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన డాక్టరు జబ్బని తేల్చినట్టు కాదు. పైగా ముందు లెక్కలోని పిల్లలు వేరు, తర్వాతి లెక్కలోని పిల్లలు వేరు. మాడిగన్ బృందమే 2023లో మరో సమీక్ష చేసింది. ఈసారి కొవిడ్‌కు ముందూ తర్వాతా అవే పిల్లలను పరిశీలించిన అధ్యయనాలను మాత్రమే తీసుకుంది. 12 దేశాలు, 53 అధ్యయనాలు, 40,807 మంది పిల్లలు. కుంగుబాటు పెరిగిన మాట నిజమే కానీ సగటున ఆ పెరుగుదల చిన్నది (0.26 ప్రామాణిక విచలనం). సగటు చిన్నదైతే అందరికీ కాస్తంత దిగులే కలిగిందని అర్థం కాదు. కొందరు నిలదొక్కుకుని, కొందరు బాగా కుంగిపోయినా సగటు అలాగే ఉంటుంది.

తొలి అధ్యయనాల్లో పేరుపడ్డది చైనాలోని హుబే రాష్ట్రానిది. దాన్ని దగ్గరగా చూద్దాం. వుహాన్, హ్వాంగ్‌షీ నగరాల్లో రెండు నుంచి ఆరో తరగతి వరకు చదివే 2,330 మందిని అడిగితే 1,784 మంది జవాబిచ్చారు. పది అంశాల చిన్న పట్టిక అది. ఒక్కో అంశం కింద మూడు వాక్యాలుంటాయి, గడిచిన రోజుల్లో తన మనసుకు దగ్గరగా ఉన్నదాన్ని పిల్లవాడు ఎంచుకోవాలి. 22.6 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. చైనా ప్రాథమిక పాఠశాలల్లో అంతకుముందు తేలిన 17.2 శాతంతో పోలిస్తే ఇది ఎక్కువే, రెట్టింపు మాత్రం కాదు. వ్యాధి ఉద్ధృతంగా ఉన్న వుహాన్ పిల్లల్లో లక్షణాలు హ్వాంగ్‌షీ వారికన్నా ఎక్కువ. అయితే ఈ అధ్యయనంలో నన్ను ఆపేసిన అంకె మరొకటి. జవాబిచ్చేనాటికి ఆ పిల్లలు ఇంట్లో ఉన్నది సగటున 33.7 రోజులు.

మన దగ్గర సంగతి చూడండి. 2020 మార్చి మధ్యలో తెలంగాణలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్‌లో, రాష్ట్ర విద్యా చానల్ టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. 2021 ఫిబ్రవరిలో తొమ్మిది, పదో తరగతుల వారూ, నెలాఖరుకు ఆరు నుంచి ఎనిమిది వరకు చదివేవారూ బడికి వెళ్లారు. మార్చి 24న మళ్లీ తాళం పడింది. సెప్టెంబరు 1న తెరిచేదాకా ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలు తరగతి గదిలో ఒక్కరోజైనా కూర్చోలేదు. అంటే పదిహేడు నెలల పైమాటే. ముప్పైనాలుగు రోజుల మీద తేలిన అంకెను ఇంతకాలానికి అంటగట్టడం పొరపాటు. మారియా లోడ్స్ బృందం 2020లో చేసిన సమీక్ష ఇక్కడ పనికొస్తుంది. పిల్లల్లో ఒంటరితనం తర్వాతి కాలపు కుంగుబాటుతో ముడిపడి ఉందని, ఒంటరితనం ఎంత గాఢంగా ఉందన్నదాని కన్నా ఎంతకాలం సాగిందన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుందని వారు తేల్చారు.

ఆన్‌లైన్ సర్వేలతో ఇంకో చిక్కు. జవాబివ్వాలంటే చేతిలో ఫోనుండాలి. గ్రామీణ విద్యపై జరిగే అసర్ సర్వే 2020 లెక్క ప్రకారం బడిలో పేరున్న గ్రామీణ పిల్లల్లో 61.8 శాతం మంది ఇళ్లలోనే స్మార్ట్‌ఫోను ఉంది. ఉన్నా, ఆ ఒక్క ఫోను పొద్దున్నే నాన్నతో పనికి వెళ్లిపోయే ఇళ్లు ఎన్నో. పాఠమూ, స్నేహితుడి గొంతూ రెండూ అందని ఈ పిల్లలే ఆన్‌లైన్ పట్టికల్లోంచి జారిపోయారు.

సర్వేలకు అందిన పిల్లల కుంగుబాటునైనా గుర్తుపట్టామా? పెద్దల్లో కుంగుబాటు దిగులుగా కనిపిస్తే, పిల్లల్లో చిరాకుగా, కోపంగా బయటపడవచ్చని మనోవైద్య వర్గీకరణే చెబుతోంది. మన ఇళ్లలో దానికున్న పేర్లు వేరు. ‘మొండికేశాడు’, ‘ఊరికే కస్సుమంటోంది’, ‘ఫోన్ పిచ్చి పట్టింది’. అన్నం సహించకపోవడాన్ని బద్ధకం ఖాతాలో, రాత్రంతా మేలుకోవడాన్ని గేముల ఖాతాలో రాసేశాం. ఫోను లాక్కోవడమే చికిత్స అనుకున్న ఇళ్లకు లెక్కలేదు. నిజానికి కొందరు పిల్లలకు బయటి లోకానికి మిగిలిన కిటికీ అదే. ఈ విషయంలో తల్లిదండ్రులను తప్పుపట్టడం సులువు. కూలి పోయి, ఊపిరి సలపక ఉన్న ఆ రోజుల్లో, చిరాకూ కుంగుబాటు కావచ్చని వాళ్లకు చెప్పినవాళ్లెవరు?

ఆత్మహత్యల లెక్కలనూ ఇంతే జాగ్రత్తగా చదవాలి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2019లో 10,335 మంది, 2020లో 12,526 మంది, 2021లో 13,089 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఇందులో కాలేజీ విద్యార్థులూ ఉన్నారు. ఆ పెరుగుదలంతా లాక్‌డౌన్ వల్లనేనని చెప్పడానికి ఈ అంకెలు చాలవు.

ఆ రోజుల్లో లేని సాయం ఒకటి ఇప్పుడుంది: తెలుగులోనూ మాట్లాడి సలహా అడగగలిగే మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్, ఉచిత నంబరు 14416. రెండు వారాలు దాటినా పిల్లల చిరాకు, నిద్రలేమి తగ్గకపోతే తల్లిదండ్రులు దానికి ఫోన్ చేయవచ్చు. ఆ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. బడి మూతపడిననాడు మూడో తరగతిలో ఉన్న పిల్ల అప్పటికి ఆరో తరగతి చదువుతోంది.