భూమిని కోయకుండా లోపల ఏముందో ఎలా తెలిసింది?



ఇక్కడి బడుల్లో చదివే మన పిల్లలు భూమిని సగానికి కోసినట్టు బొమ్మ వేసి, పొరపొరకూ ఒక రంగు అద్దుతారు. "ఇదంతా ఎవరు చూశారు నాన్నా?" అని వాళ్ళు అడిగితే ఏం చెబుతాం? నిజానికి ఎవరూ చూడలేదు. భూమి మధ్యకు సుమారు 6,371 కిలోమీటర్ల దూరం. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో ఏళ్ళ తరబడి తవ్విన బోరుబావి 12 కిలోమీటర్లు దాటి, కాస్త దూరంలోనే ఆగిపోయింది. అయినా లోపలి సంగతి తెలిసింది. ఆ కథ చాలావరకు మనం ఉంటున్న ఈ దేశంలోనే నడిచింది. అందులో భారతదేశానికీ పెద్ద వాటా ఉంది.

మొదట భూమిని తూచారు. 1774లో నెవిల్ మాస్కెలిన్ స్కాట్లండ్‌లోని షిహాలియన్ కొండ పక్కన, మేస్త్రీలు గోడకు పట్టే తూకపు గుండు లాంటిది వేలాడదీసి, కొండ దాన్ని తనవైపు ఎంత లాగుతుందో కొలిచాడు. 1798లో హెన్రీ కావెండిష్ లండన్‌లోని తన ఇంట్లో సీసపు గోళాలతో ఇంకా కచ్చితంగా లెక్క తేల్చాడు. భూమి మొత్తం మీద నీటికన్నా దాదాపు అయిదున్నర రెట్లు బరువు. మన కాళ్ళ కింది రాళ్ళు మూడు రెట్లకు మించవు. అంటే లోపల ఏదో బాగా బరువైనది ఉండాలి.

అదేమిటో తెలియాలంటే తూకం చాలదు. పుచ్చకాయ కొనేటప్పుడు కోయకుండా తట్టి, శబ్దం వింటాం కదా! భూమిని అలా తట్టేది భూకంపం. వినడానికి చెవి కావాలి. ఆ చెవిని తయారుచేసినవారిలో ముఖ్యుడు లివర్‌పూల్‌లో పుట్టిన జాన్ మిల్న్. జపాన్‌లో దాదాపు ఇరవై ఏళ్ళు పనిచేసి, భూకంపాలను నమోదుచేసే సీస్మోగ్రాఫ్‌లను అభివృద్ధి చేశాడు. 1895లో తిరిగివచ్చి ఐల్ ఆఫ్ వైట్‌లోని షైడ్‌లో, భార్య టోనేతో స్థిరపడ్డాడు. ప్రపంచం నలుమూలల నుంచీ భూకంపాల వివరాలు ఆ ఊరికి వచ్చేవి.

1897 జూన్ 12న అస్సాంలో మహా భూకంపం వచ్చింది. షిల్లాంగ్‌లో రాతి కట్టడాలు కూలిపోయాయి. మొత్తం సుమారు 1,500 మంది చనిపోయారు. దాన్ని పరిశీలించినవాడు భారత భూవిజ్ఞాన సర్వేలో పనిచేస్తున్న రిచర్డ్ డిక్సన్ ఓల్డమ్. యూరప్‌లోని పరికరాల మీద పడిన గీతలు చూస్తే, ఒకే భూకంపం నుంచి తరంగాలు వేరువేరు వేగాలతో వచ్చినట్టు అతనికి కనిపించింది. కొన్ని భూమి లోపలి నుంచి, కొన్ని పైపైన వచ్చాయి. ఆ మరుసటి ఏడాది నుంచే కలకత్తాలోని ఆలిపూర్‌లో, తరువాత 1899లో బొంబాయి, కొడైకెనాల్‌లలో మిల్న్ పరికరాలు అమర్చారు.

ఇంగ్లండ్‌కు తిరిగివచ్చాక, 1906లో ఓల్డమ్ అసలు మాట చెప్పాడు. బాగా లోతుగా వెళ్ళిన తరంగాలు అనుకున్నదానికన్నా ఆలస్యంగా వస్తున్నాయి. కాబట్టి మధ్యలో వాటి వేగాన్ని తగ్గించే వేరే పదార్థం ఉంది. భూమికి కేంద్రభాగం ఉందని భూకంపాలే చెప్పాయి. 1926లో కేంబ్రిడ్జ్‌లో హెరాల్డ్ జెఫ్రీస్ అది ద్రవమని వాదించాడు. 1936లో డెన్మార్క్‌కు చెందిన ఇంగే లేమన్, ఆ ద్రవం నడుమ మరో గోళం ఉందని చూపించింది. అది గట్టిదని తరువాత తేలింది. పిల్లల బొమ్మలో రంగులన్నీ అలా వచ్చాయి.

షైడ్‌లో మిల్న్ మొదలుపెట్టిన పని ఆగలేదు. 1964లో ఏర్పడిన అంతర్జాతీయ భూకంప కేంద్రం ఇప్పుడు బెర్క్‌షైర్‌లోని థాచమ్‌లో ఉంది. భారతదేశంతో సహా అనేక దేశాల సంస్థలు పంపే నమోదులను అక్కడ సరిపోల్చి ఒకచోట చేరుస్తారు. ఒక్క దేశం తన గీతలను తానే దాచుకుంటే భూమి లోపల ఏముందో తెలిసేది కాదు.

కాబట్టి పిల్లలు ఆ బొమ్మ వేసేటప్పుడు రెండు ఊళ్ళ పేర్లు చెప్పండి. ఒకటి ఐల్ ఆఫ్ వైట్‌లోని షైడ్. రెండోది షిల్లాంగ్. ఒకచోట ఒక ముసలాయన కాగితం మీద గీతలు చదివాడు. రెండోచోట ఇళ్ళు కూలి మనుషులు పోయారు. ఆ దుఃఖం నుంచి కూడా మనిషి ఇంత నేర్చుకున్నాడని వాళ్ళకు తెలియాలి.