బరువులెత్తువాని నడికట్టు

కష్టమైన పనికి పూనుకొనుటను తెలుగువారు 'నడుము కట్టుట' అందురు. మూటలు మోయు హమాలీ తుండుగుడ్డను నడుముకు బిగించుట అందరు చూచినదే. బరువులెత్తు పోటీలలో క్రీడాకారులు ధరించు బెల్టు ఈ కోవలోనిదే. అంతర్జాతీయ నియమముల ప్రకారము దాని వెడల్పు 12 సెంటీమీటర్లు మించరాదు. ఈ బెల్టు వెలుపలినుండి వెన్నును బద్దవలె నిలబెట్టునని చాలమంది అనుకొందురు. జరుగునది వేరు.

బరువెత్తువాడు నిండుగా గాలి పీల్చి, గొంతు మూసి, పొట్ట బిగబట్టును. దీనికి 'వాల్సాల్వా ప్రక్రియ' అని పేరు. ఇటలీ శాస్త్రజ్ఞుడు వాల్సాల్వా 1704లో చెవిని గూర్చి వ్రాసిన గ్రంథములో దీనిని వర్ణించినాడు. చెవిలోని చీము వెడలించుటకు చెప్పిన ఉపాయము వ్యాయామశాలకు చేరుట విచిత్రమే! గాలి బిగబట్టినపుడు పైన విభాజక పటలము, చుట్టును ఉదర కండరములు నొక్కగా పొట్టలోని పీడనము పెరుగును.

1957లో బార్టెలింక్ అను వైద్యుడు జీర్ణాశయములోని పీడనమును కొలిచి ఒక సిద్ధాంతము చెప్పినాడు. గాలి నింపిన బంతివలె పొట్ట మొండెమును ఆనుకొని, వెన్నుపూసల నడుమనుండు మెత్తని బిళ్లలపై భారము తగ్గించునట. వినుటకు సొంపుగానే ఉన్నది. కాని 1986లో స్వీడన్ దేశీయుడు నాకెమ్‌సన్, ఆయన సహచరులు ఆ బిళ్లలలోని పీడనమునే కొలువగా, గాలి బిగబట్టినపుడు పెక్కు భంగిమలలో అది తగ్గుటకు మారు పెరిగినది! పొట్టను బిగించు కండరములు వెన్నును కూడ నొక్కును గదా. అందుచే, భారము తగ్గుటకంటె మొండెము బిగిసి ఒరుగకుండుటయే అసలు లాభమను అభిప్రాయము క్రమముగా బలపడినది. 1999లో చోలెవికీ బృందము చేసిన ప్రయోగములు దీనినే సమర్థించినవి.

ఇక బెల్టు పని తేలికగా బోధపడును: అది పొట్ట ఆనుకొని తన్నుటకు ఒక గట్టి గోడ. 1989లో హార్మన్, ఆయన సహచరులు 9 మందిచే, వారెత్తగల గరిష్ఠ భారములో 90 శాతము నేలనుండి ఎత్తించినారు. బెల్టు ఉన్నపుడు పొట్టలోని పీడనము ముందుగా లేచి, ఎక్కువ ఎత్తునకు చేరినది. 2001లో జింక్ బృందము 14 మందిని, భుజములపై అదే 90 శాతము భారముతో గుంజీ తీయించగా, బెల్టుతో కడ్డీ కదలిక వేగిరపడినది. కండరముల శ్రమలో మాత్రము చెప్పుకోదగిన భేదము కనబడలేదు. బెల్టు కట్టినవాని కండరములు సోమరులగునను భయమునకు ఈ ప్రయోగములో ఆధారము దొరకలేదు.

ఊపిరి బిగబట్టుటకు మూల్యము ఉన్నది. కెనడాలో మాక్‌డూగల్ బృందము 1985లో ధమనిలోనే రక్తపీడనమును కొలిచినది. రెండు కాళ్లతో భారమును నెట్టునపుడు అది సగటున 320/250 మిల్లీమీటర్లు! ఆరోగ్యవంతునికి విశ్రాంతిలో ఉండునది 120/80 మాత్రమే. రక్తపోటు ఉన్నవారికి ఇది చిన్న సంగతి కాదు.

క్రీడాకారుని చూచి కార్మికునికి బెల్టు కట్టిన యజమానులు అమెరికాలో ఉన్నారు. 160 దుకాణములలో సరకులు మోయు తొమ్మిదివేలకు పైబడిన ఉద్యోగులను పరిశీలించి 2000లో ఫలితములు ప్రకటించినారు. బెల్టు ధరించినవారికి, ధరించనివారికి నడుమునొప్పి విషయములో భేదము కానరాలేదు. వారికిచ్చినది వ్యాయామశాలలోని గట్టి తోలు బెల్టు కాదు, సాగు పట్టీ; పైగా వారు ఎత్తినది ఒక్క క్షణము కాదు, దినమెల్ల.