స్పృహను గూర్చిన అన్వేషణ: ఎలిజబెత్ ప్రశ్న నుండి నేటి పరిశోధనల వరకు

ఉపోద్ఘాతం

వేలు కాలినప్పుడు నరాలలో, మెదడులో ఏమి జరుగుతుందో శాస్త్రజ్ఞులు చాలా వరకు వివరించగలరు. అయితే ఆ సంఘటన ఒక మనిషికి బాధగా ఎందుకు అనుభవమవుతుందో ఇంకా తేలలేదు. ఈ వ్యాసంలో స్పృహ అనే మాటను మెలకువ అనే అర్థంలోనే కాక, అనుభవం కలిగి ఉండడం అనే అర్థంలో వాడుతున్నాము. దీనిని వివరించే సిద్ధాంతం కోసం జరిగిన అన్వేషణను క్లుప్తంగా పరిశీలిద్దాము.

1. రాకుమారి ప్రశ్న

ఫ్రెంచి తత్త్వవేత్త రెనే డెకార్ట్ 1641లో ప్రచురించిన 'మెడిటేషన్స్' గ్రంథంలో మనస్సును, శరీరాన్ని రెండు వేర్వేరు పదార్థాలుగా విభజించాడు. ఆలోచించడం మనస్సు లక్షణం; స్థలాన్ని ఆక్రమించడం శరీర లక్షణం. హాలెండులో ప్రవాసంలో ఉన్న బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643 మే నెలలో ఆయనకు ఉత్తరం వ్రాసింది. ఒక వస్తువును కదిలించాలంటే దానిని తాకాలి గదా, స్థలాన్నే ఆక్రమించని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుంది? ఇదీ ఆమె ప్రశ్న సారాంశం. మెదడులోని పీనియల్ గ్రంథి వద్ద ఆత్మ పనిచేస్తుందని డెకార్ట్ 1649లో వ్రాశాడు. అది 'ఎక్కడ' అనే ప్రశ్నకు జవాబే గాని 'ఎలా' అనే ప్రశ్నకు కాదు.

డెకార్ట్ చేసిన ఈ విభజననే బైబిలు బోధగా తలంచేవారు మనలో ఉన్నారు. అయితే ఆదికాండము 2:7లో 'జీవాత్మ' అని అనువదింపబడిన హెబ్రీ మాట ప్రాణమున్న మనిషినంతటినీ సూచిస్తుంది.

2. మౌనం, మేల్కొలుపు

1872లో లైప్‌జిగ్ నగరంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎమిల్ దుబ్వా రేమోన్ ప్రసంగిస్తూ, మెదడులోని అణువుల కదలికలన్నీ తెలిసినా చిన్న అనుభూతిని సైతం వివరించలేమన్నాడు. 1913లో జాన్ వాట్సన్ మనస్తత్వశాస్త్రం బయటికి కనిపించే ప్రవర్తనను మాత్రమే పరిశీలించాలని వాదించాడు. అటు తరువాత కొన్ని దశాబ్దాలు ఈ అంశం మరుగున పడింది.

డి.ఎన్.ఎ. నిర్మాణాన్ని కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్, క్రిస్టాఫ్ కోచ్‌తో కలిసి 1990లో స్పృహకు నాడీ సంబంధమైన ఆధారాన్ని వెదకాలని ప్రతిపాదించాడు. 1994లో అమెరికాలోని టూసాన్‌లో డేవిడ్ చాల్మర్స్ 'కఠిన సమస్య'ను వివరించాడు. ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుందని ఎలిజబెత్ అడిగింది. మెదడు పనిలో నుండి అనుభవం ఎందుకు పుడుతుందని చాల్మర్స్ అడిగాడు.

3. పందెం, పరీక్ష

స్పృహకు స్పష్టమైన నాడీ గుర్తు 25 ఏళ్లలో దొరుకుతుందని 1998లో కోచ్ చాల్మర్స్‌తో పందెం కట్టాడు. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో ఓటమిని అంగీకరించి ద్రాక్షారసం సీసాలు బహూకరించాడు.

రెండు ప్రధాన సిద్ధాంతాల మధ్య పరీక్ష కూడా జరిగింది. సమాచారం మెదడంతటికీ ప్రసారమైనప్పుడు స్పృహ కలుగుతుందన్నది బెర్నార్డ్ బార్స్ 1988లో ప్రతిపాదించిన మార్గం. భాగాలు విడదీయరాని విధంగా ఏకమైన వ్యవస్థయే స్పృహకు మూలమన్నది జూలియో టొనోని 2004లో ప్రతిపాదించిన మార్గం. ఇరుపక్షాలవారు ముందే తమ అంచనాలను ప్రకటించి, 256 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2025లో 'నేచర్' పత్రికలో వెలువడ్డాయి. ఇరువురి ముఖ్యమైన అంచనాలలో కొన్ని తప్పిపోయాయి.

4. మంచం ప్రక్కన ఈ ప్రశ్న

"అయ్యగారూ, మా నాన్నకు మన ప్రార్థన వినబడుతుందంటారా?" అని కదలిక లేని రోగి బంధువులు అడిగినప్పుడు, కాపరి ఎదుర్కొనేది ఈ ప్రశ్ననే. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం స్పందన లేని ఒక యువతిని టెన్నిస్ ఆడుతున్నట్లు ఊహించుకొమ్మని చెప్పి స్కానింగ్ చేసింది. ఆమె మెదడు ఆరోగ్యవంతుల మెదడువలెనే పనిచేసింది. 2024లో ప్రచురితమైన పరిశోధనలో, ఆజ్ఞలకు బయటికి స్పందించని 241 మందిలో 60 మంది, అనగా సుమారు 25 శాతం, మనస్సులో వాటిని అనుసరిస్తున్నట్లు తేలింది. పరీక్షలో జవాబు రానంత మాత్రాన మిగిలినవారికి స్పృహ లేదని రుజువు కాదు.

ముగింపు

ఈ చరిత్ర నుండి రెండు సంగతులు గ్రహించగలము. మొదటిది, శాస్త్రజ్ఞులకు తెలియనిదానిని ఆత్మ ఉన్నదనడానికి రుజువుగా చూపడం మనకు తగదు. రేపు తెలిస్తే మన వాదం కూలిపోతుంది. రెండవది, సిద్ధాంతం తేలకముందే ఈ అన్వేషణ మౌనంగా ఉన్నవారి పక్షాన సాక్ష్యం తెచ్చింది. కనుక రోగి ఎదుట అతడు లేనట్లు మాట్లాడకూడదు. పేరు పెట్టి పిలిచి, నెమ్మదిగా మాట్లాడి, ప్రార్థించాలి. సిద్ధాంతం వచ్చే వరకు ఆగవలసిన పని కాదిది.